చాకు లోపలి రేకు కథ

పోయినసారి నేను రాసింది మరీ పొడుగైందని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి చెప్పారు. ఇది దానికన్నా పొడుగు. కాఫీ కలుపుకుని కూర్చోండి.

పోయిన కార్తీకంలో కనకపుర రోడ్డు తోటలో జరిగిన వనభోజనాలకు వచ్చినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయి ఉండరు. ఉసిరిచెట్టు కింద దీపాలు పెట్టడం అయింది. పులిహోర గంగాళం దిగింది. పిల్లలు కొబ్బరినీళ్ళు కావాలని గోల పెడుతుంటే మన కుర్రాడొకడు జేబులోంచి మడత చాకు తీశాడు. పేరు చెప్పను, వాళ్ళమ్మ ఇవి చదువుతుంది. బొటనవేలితో టక్కున తెరిచి, కాయ కంటిలో మొన గుచ్చి, నాలుగుసార్లు మెలితిప్పాడు. అయిదోసారికి బ్లేడు వాడి వేళ్ళ మీదికే మూసుకుంది. రెండు వేళ్ళకూ కలిపి ఏడు కుట్లు పడ్డాయి. ఎడమచెయ్యి కాదు, కీబోర్డు కొట్టే కుడిచెయ్యి. చూపుడువేలు చివర ఇప్పటికీ మొద్దుగానే ఉందంటాడు.

మర్నాటి నుంచి మన గ్రూపులో జరిగిన చర్చ మీకు తెలిసిందే. సంఘం కార్యక్రమాలకు మడత చాకులు తేకూడదని తీర్మానం చేద్దామన్నారు కొందరు పెద్దలు. "కత్తిపీటకు తాళం ఎందుకు లేదో తెలుసా, అది మూసుకోదు కనక" అని మన అక్కయ్య ఒకావిడ పెట్టిన మెసేజీకి వచ్చినన్ని నవ్వు బొమ్మలు ఇంకదేనికీ రాలేదు. కుర్రవాళ్ళేమో, చాకు తప్పు కాదు, వాడడం తెలియకపోవడం తప్పు అన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు టూల్‌రూములో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ చాకు చివరికి నా బల్ల మీదికి చేరింది. చూసి చెప్పండి బాబాయ్ అన్నాడు వాడు, కట్టు కట్టిన చేత్తోనే.

చూశాను. చాకు తెరిచి, పిడి వెనకవైపు సందులోంచి దీపం వేసి, భూతద్దం పెట్టి చూశాను. ఈ రకం చాకులో పిడి లోపల అటొకటి ఇటొకటి రెండు పల్చటి లోహపు రేకులు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని నిలువుగా చీల్చి, ఆ చీలిన భాగాన్ని స్ప్రింగులా లోపలికి వంచుతారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి బ్లేడు మడమ వెనకాల నిలబడుతుంది. తలుపు వెనక కర్ర ఆనించినట్టన్నమాట. దీన్నే లైనర్ లాక్ అంటారు. మనవాడి చాకులో ఆ రేకు నిలబడుతున్నది మడమ చివరి అంచు మీద, గోరు మందం కూడా లేదు. మిగతా రేకంతా గాల్లో ఉంది. టక్కుమనే శబ్దం మాత్రం దివ్యంగా వస్తోంది. వాడు ఆ శబ్దాన్ని నమ్మాడు.

ఈ రేకు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరికోసం పుట్టింది, ఎవరు దిద్దారు అన్నది తెలిస్తే దాన్ని ఎలా చూడాలో కూడా తెలుస్తుంది. అందుకని కొంచెం వెనక్కి వెళ్తున్నాను.

మడిచే కత్తి మనిషికి కొత్త కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడత కత్తికి సుమారు 2,500 ఏళ్ళ వయసు. రోమన్ల కాలం నాటివీ దొరికాయి. వీటిలో వేటికీ తాళం లేదు. రివెట్టు బిగువే ఆధారం. అది ఎలా ఉంటుందో మనకు చూపించడానికి మ్యూజియం అక్కర్లేదు, పాతకాలపు మంగలికత్తి చాలు. స్ప్రింగు లేదు, తాళం లేదు, వెనక తోక మీద వేలు ఆనించి పట్టుకోవడమే. పట్టు తెలిసిన చేతిలో దానంత పదునైన, దానంత నమ్మకమైన పనిముట్టు లేదు. తాటాకు మీద రాసిన రోజుల్లో, రాసే ఘంటమూ ఆకు కోసే చాకూ ఒకే పిడిలోకి మడిచి అమర్చిన పరికరాలు మన దక్షిణాదిలో ఉండేవి. మద్రాసు వైపు మనవాళ్ళు చిన్న చాకుని ఇప్పటికీ పేనాకత్తి అంటారు. ఈక కలం చెక్కుకునే చాకు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు, అరవంలోకి వెళ్ళి, అక్కడినుంచి మన నోటికి వచ్చింది.

17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు పనివాళ్ళు పిడి వెన్నులో ఒక బద్ద స్ప్రింగు పెట్టారు. తెరిచినా మూసినా బ్లేడుని ఆ బద్ద అదిమి పట్టుకుంటుంది. గట్టిగా నెడితే మాత్రం మూసుకుంటుంది. మన చిన్నప్పుడు తిరునాళ్ళలో కొనుక్కున్న చాకులన్నీ ఈ రకమే. మీలో చాలామందికి మామిడికాయ కోస్తూ వేలు తెగిన అనుభవం ఉండే ఉంటుంది. అది తాళం పాడై తెగడం కాదు, అక్కడ తాళమే లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తాళం లేదని తెలిసిన చాకుని మనిషి జాగ్రత్తగా పట్టుకుంటాడు. తాళం ఉందనుకున్న చాకుతో కాయ కంట్లో మెలితిప్పుతాడు.

నేను మొదట చూసిన తాళం చాకు యానాంలో చూశాను. మా అమ్మ పుట్టిల్లు యానాం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరని, 1962లో గాని కాగితాల మీద పూర్తిగా మనది కాలేదని మీకు తెలుసు. మా మేనమామ దగ్గర గుండ్రటి చెక్క పిడి ఉన్న చాకు ఒకటుండేది. ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను మీద ఉన్న పొరుగింటాయన ఇచ్చాడని చెప్పేవాడు. పిడి మెడ దగ్గర ఒక ఉక్కు ఉంగరం. బ్లేడు తెరిచి ఆ ఉంగరాన్ని తిప్పితే, దాని సందు పక్కకు జరిగి బ్లేడు వెనక అడ్డంగా నిలుస్తుంది. చేప శుభ్రం చేస్తున్నా, వల తాడు కోస్తున్నా ముందు ఉంగరం తిప్పాడో లేదో మేనమామ చూసుకునేవాడు. మేము ముట్టుకుంటే, "ఉంగరం తిప్పకుండా కోస్తే వేలు గోదారి పాలే" అనేవాడు.

అది ఒపినెల్ చాకు. ఫ్రాన్సులో సవాయ్ అనే కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే పనిముట్లు చేసేవాళ్ళింటి కుర్రాడు 1890లో తయారుచేశాడు. మొదట్లో దానికీ తాళం లేదు. అరవై అయిదేళ్ళ తరవాత, 1955లో, ఆ ఇంటివాడే మార్సెల్ ఒపినెల్ ఆ తిరిగే ఉంగరాన్ని పెట్టాడు. ఇందులో నాకు నచ్చిన గుణం ఒకటుంది. తాళం పడిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. ఉంగరం సందు బ్లేడుకి ఎదురుగా ఉంటే పడలేదు, పక్కన ఉంటే పడింది. చీకట్లో వేలితో తడిమి కూడా చెప్పొచ్చు. మన కుర్రాడి చాకులో అలా కాదు. అక్కడ తాళం పిడి కడుపులో ఉంది. చూడదలుచుకున్నవాడికే కనిపిస్తుంది.

ఇక అసలు రేకు సంగతి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని లిటిల్ వ్యాలీ అనే చిన్న ఊళ్ళో కాటరాగస్ కట్లరీ కంపెనీ అని ఉండేది. 1906లో ఆ కంపెనీకి వాట్సన్, చాడ్విక్ అనే ఇద్దరి పేరుతో ఒక పేటెంటు వచ్చింది. మామూలు వెన్ను స్ప్రింగు చాకులోనే, లోపలి రేకుని చీల్చి బ్లేడు వెనక అడ్డు నిలబెట్టే ఏర్పాటు అది. అంటే తిప్పి పట్టుకునే పని వెన్ను స్ప్రింగుదే, రేకు కేవలం కాపలాదారు.

ఆ తరవాత మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు సిగ్నల్ దళం టెలిఫోను తీగల పనివాళ్ళకి ఒక చాకు ఇచ్చింది. టీఎల్-29 అని పేరు. రెండో యుద్ధంలోనూ దాన్నే లెక్కలేనన్ని చేయించారు. చెక్క పిడి, అందులో రెండు అలుగులు. ఒకటి కోసే బ్లేడు, రెండోది స్క్రూడ్రైవరు, దాని పక్కనే తీగ తొక్క గీసే అంచు. ఇందులో లోపలి ఇత్తడి రేకు తాళం వేసేది కోసే బ్లేడుకి కాదు, స్క్రూడ్రైవరుకి!

నేను ఎలక్ట్రికల్ సెక్షన్‌వాళ్ళతో చాలా ఏళ్ళు గడిపాను, ఇది చదివినప్పుడు నాకు వెంటనే బోధపడింది. కోసే బ్లేడు మీద బలం ఎప్పుడూ పదునువైపు నుంచే పడుతుంది, అంటే దాన్ని తెరిచే వైపుకే తోస్తుంది. స్క్రూడ్రైవరు అలా కాదు. గుచ్చాలి, నొక్కాలి, మెలిపెట్టాలి. ఎటునుంచి ఎటు బలం పడుతుందో చెప్పలేం. అందుకని తాళం దానికి కావాలి. మన కుర్రాడు కొబ్బరికాయ కంట్లో చేసిందేమిటి? కోయడం కాదు, స్క్రూడ్రైవరు పని. వందేళ్ళ కిందట ఆ సైన్యపు చాకు గీసినవాళ్ళు ఆలోచించిన ప్రమాదమే మన వనభోజనాల్లో జరిగింది.

పాత రేకు తాళానికి ఒక ఇబ్బంది ఉంది. రెండు చేతులూ కావాలి. గోటితో బ్లేడు లాగి తెరవాలి, మూసేటప్పుడు ఒక చేత్తో రేకు నెట్టిపట్టి ఇంకో చేత్తో మడవాలి. 1964లో బక్ అనే కంపెనీ తెచ్చిన 110 నంబరు చాకు అమెరికా వేటగాళ్ళ నడుముల మీద విపరీతంగా వేలాడింది. దాని తాళం పిడి వెన్నులో ఉంటుంది, చాలా గట్టిది. అదీ రెండు చేతుల వ్యవహారమే.

1980ల మొదట్లో న్యూ మెక్సికో రాష్ట్రంలో మైఖేల్ వాకర్ అనే చాకుల పనివాడు ఈ పాత రేకుని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈయన చేసిన మార్పులు మూడు చెప్తాను. ఫిట్టరు కళ్ళతో చూస్తే మూడూ చిన్నవే, మూడూ కలిస్తే కొత్త యంత్రం.

మొదటిది, వెన్ను స్ప్రింగుని పూర్తిగా తీసేశాడు. తెరిచి పట్టుకునే పని కూడా రేకుకే అప్పజెప్పాడు. రెండోది, బ్లేడు తెరుచుకున్నప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పే ఒక అడ్డు పిన్ను పెట్టాడు. బ్లేడు ముందు వైపు ఆ పిన్నుకి ఆనుతుంది, వెనక వైపు రేకు ఆనుతుంది, మధ్యలో ఇరుసు. బ్లేడు ఈ మూడింటి మధ్యా బిగిసి నిలబడుతుంది. మూడోది, రేకు మీద చిన్న ఉక్కు గుండు పొదిగాడు. చాకు మూసి ఉన్నప్పుడు ఆ గుండు బ్లేడు పక్కన ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది, జేబులో దానంతటదే తెరుచుకోకుండా. బొటనవేలితో తోస్తే గుండు గుంటలోంచి లేస్తుంది, బ్లేడు తిరుగుతుంది, చివర్లో రేకు టక్కున పడుతుంది. ఒక్క చెయ్యి చాలు.

ఆ దశాబ్దం చివర్లో వాకర్ 'లైనర్‌లాక్' అన్న మాటని ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు. అయినా లోకమంతా ఆ మాటనే వాడేసుకుంది, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. 1990 ప్రాంతంలో కొలరాడోలోని స్పైడర్‌కో కంపెనీ ఈ తాళంతో ఫ్యాక్టరీ చాకులు మొదలుపెట్టింది. అప్పటికే దక్షిణాఫ్రికా మనిషి క్రిస్ రీవ్ విడిగా రేకు ఎందుకు, పిడి పలకనే చీల్చి తాళం చేస్తే పోలా అని చేసి చూపించాడు. అమెరికా వెళ్ళి స్థిరపడ్డాక ఆయన తెచ్చిన చాకు పేరు సెబెంజా. జులూ భాషలో పని అని అర్థం. అందులో మనం పట్టుకునే పట్టే తాళాన్ని లోపలికి అదిమి ఉంచుతుంది.

ఆ తరవాత పేటెంట్ల గొడవ లేని ఈ తాళం ప్రతి దేశంలోనూ, ప్రతి ధరలోనూ వచ్చేసింది. రెండే రేకులు, ఒక చీలిక, ఒక పిన్ను, ఒక గుండు. చూడ్డానికి ఇంతకన్నా తేలికైన తాళం లేదు. కాని దీని ప్రాణమంతా ఒక్క చోట ఉంది: రేకు చివర, బ్లేడు మడమ, రెండూ కలిసే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల జాగాలో. అక్కడ ఆకురాయి పని సరిగా పడకపోతే మిగతా చాకు ఎంత అందంగా ఉన్నా దండగే. మనవాడు ఆన్‌లైన్‌లో కొన్నదానికి పిడి మీద డ్రాగన్ బొమ్మ చెక్కి ఉంది. ఆ బొమ్మ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు మడమ మీద పెట్టి ఉంటే ఏడు కుట్లు పడేవి కావు.

సరే, ఆ జాగాని ఎలా చూడాలి?

చాకుని మామూలుగా తెరవండి. మరీ మెల్లగా కాదు, విసిరీ కాదు. పిడి వెనకనుంచి, రెండు రేకుల మధ్య సందులోకి వెలుతురు పడేట్టు పట్టుకోండి. బ్లేడు మడమ అడ్డంగా ఒక చిన్న గోడలా కనిపిస్తుంది. తాళం రేకు ఒక పక్కనుంచి వచ్చి ఆ గోడ మీద ఎంతవరకు ఎక్కిందో చూడాలి. కత్తుల మోజున్న కుర్రవాళ్ళు దీన్ని శాతాల్లో చెప్తారు: ముప్ఫై శాతం పడింది, నలభై శాతం పడింది అని. కొత్త చాకులో పావు నుంచి సగం లోపు ఉంటే మంచిదని వాళ్ళ లెక్క.

లెక్క మోటుగా సరైనదే. కాని దేంట్లో శాతం అన్నది అడగకపోతే మోసపోతాం. మడమ మందం 4 మిల్లీమీటర్లు, రేకు మందం 1 మిల్లీమీటరు అనుకోండి. రేకు పూర్తిగా మడమ మీదికి ఎక్కినా మడమలో అది ఆక్రమించింది పావు వంతే, ఇరవై అయిదు శాతం. భేషైన తాళం. ఇంకో చాకులో మడమ 2.5, రేకు 1.5 అనుకోండి. అక్కడ ఇరవై అయిదు శాతం అంటే ఆరు పాయింట్లకు కాస్త పైన, రేకు మందంలో సగం కూడా ఎక్కలేదు. రెండింటికీ అంకె ఒకటే, ఒకటి నమ్మొచ్చు, రెండోది అనుమానించాలి. అందుకని నేను శాతం చూడను. రేకు మందం మొత్తం మడమ మీదికి వచ్చిందా లేదా అని చూస్తాను. వచ్చి, ఇంకా అవతలి పక్క ఖాళీ మిగిలి ఉంటే సంతోషం.

ఖాళీ ఎందుకు మిగలాలంటే, ఈ తాళం అరుగుతుంది, అరిగినకొద్దీ పక్కకు నడుస్తుంది. మడమ గోడ నిటారుగా ఉండదు. ఏడెనిమిది డిగ్రీల ఏటవాలుగా చెక్కుతారు. తలుపు కింద దోపే ఏటవాలు చెక్కముక్కలా, రేకు లోపలికి జరిగేకొద్దీ బిగువు పెరుగుతుంది. అరుగుదల వచ్చినా రేకు ఇంకొంచెం జరిగి ఆ సందుని తనే పూడ్చుకుంటుంది. ఇది వాకర్ తాళం గొప్పతనం. కాని దీనికి ఖరీదు ఉంది. ఎనిమిది డిగ్రీల వాలు మీద ఒక పాయింటు, అంటే 0.1 మిల్లీమీటరు అరిగితే, ఆ సందు పూడ్చడానికి రేకు పక్కకి సుమారు 0.7 మిల్లీమీటరు జరగాలి. ఏడు రెట్లు! 3 మిల్లీమీటర్ల మడమ మీద 0.7 అంటే ఎంతో మీరే చూడండి. అందుకే కొత్తలోనే రేకు మధ్య దాటిపోయి ఉన్న చాకు తొందరగా ముసలిదవుతుంది. అవతలి రేకుకి తగిలిందంటే ఇంక జరగడానికి చోటు లేదు. అప్పటినుంచి బ్లేడు పైకీ కిందకీ ఊగడం మొదలవుతుంది.

వాలు తగ్గినా పెరిగినా తంటాయే. వాలు మరీ ఎక్కువైతే బ్లేడు వెన్ను మీద బలం పడగానే మడమ రేకుని పక్కకు తోసేస్తుంది. సబ్బు రాసిన మెట్టు మీద కాలు పెట్టినట్టు. వాలు మరీ తక్కువైతే రేకు ఇరుక్కుపోయి, మూయబోతే బొటనవేలు నొప్పెడుతుంది. మన చాకులో వాలు ఎక్కువ, పైగా మడమ అంచుని గుండ్రం చేసేశారు. రేకు నిలబడింది ఆ గుండ్రం మీద. మెలితిప్పినప్పుడు పిడి కాస్త వంగింది, వాడి వేలి కండ పిడి గాడిలోంచి లోపలికి దిగి రేకు అంచుని తోసింది, అంతే. నేను బల్ల మీద అలాగే పట్టుకుని చూస్తే నాలుగుసార్లలో మూడుసార్లు జారింది.

కంటితో చూశాక చేత్తో చూడాలి. ముందుగా బ్లేడు దారిలో ఒక్క వేలు కూడా లేకుండా పిడిని పక్కలనుంచి పట్టుకోండి. పదునుకి మందపాటి గుడ్డో తోలుముక్కో కట్టండి. బ్లేడు వెన్నుని బల్ల అంచుకి ఆనించి నెమ్మదిగా బరువు పెంచండి. తాళం జారేదైతే ఆ నెమ్మదిలోనే జారుతుంది. కొందరు వీరులు వెన్నుని బల్లకేసి ఠపీమని కొడతారు. నేనొప్పుకోను. ఆ దెబ్బకి మంచి తాళం చెడొచ్చు, చెడ్డ తాళం ఎగిరి మళ్ళీ పడి మంచిదానిలా కనిపించొచ్చు. తరవాత బ్లేడుని అలాగే గుడ్డలో పట్టి పిడిని కొద్దిగా అటూ ఇటూ మెలిపెట్టండి, రేకు మీద కన్నుంచి. మెలికకి రేకు బయటివైపు జరుగుతూ కనిపిస్తే ఆ చాకు కూరగాయలకే. అదే పరీక్షని పది సార్లు తెరిచి మూసి చెయ్యండి. రేకు ప్రతిసారీ ఒకే చోట పడాలి. మెల్లగా తెరిస్తే ఒక చోట, గట్టిగా తెరిస్తే ఒక చోట పడుతుంటే మడమ చెక్కడం సమంగా లేదన్నమాట.

నూనె గురించి ఒక మాట, ఇది మా టూల్‌రూము కుర్రాళ్ళు కూడా తప్పు చేసేవారు. ఇరుసుకి చుక్క నూనె పోయండి. మడమకీ రేకుకీ తగిలే చోట పోయకండి. ఆ రాపిడే రేకుని నిలబెడుతోంది. టైటానియం రేకులున్న ఖరీదైన చాకుల్లో రేకు మడమకి అంటుకుపోతుందని కొందరు నూనె రాస్తారు. టైటానియానికి గట్టి ఉక్కుని కరుచుకునే బుద్ధి ఉంది, నిజమే. కాని దానికి మెత్తటి పెన్సిలు ముల్లుతో రెండు గీతలు గీస్తే చాలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కుర్రవాళ్ళు నన్ను తమ పక్షం అనుకుంటున్నారు. ఈ తాళాన్ని దిద్దిన వాకరే తరవాత రాన్ లేక్ అనే ఇంకో పనివాడితో కలిసి, పడిన రేకు వెనక్కి రాకుండా ఆపే అదనపు మీట ఒకటి తయారుచేశాడు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలూ కలిసి వచ్చేట్టు దానికి లాక్స్ అని పేరు. కొన్ని కంపెనీ చాకుల్లో అది వస్తుంది. తన తాళం మెలికకి జారే అవకాశం ఉందని చేసినవాడికే తెలుసు. తాళానికి ఇంకో తాళం పెట్టాడు. మనం దాన్ని కత్తిపీటంత నమ్మేస్తున్నాం.

అక్కయ్య మాటకి వస్తే, కొబ్బరికాయ విషయంలో ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కొబ్బరికాయకి రాయి ఉంది, కొడవలి ఉంది. మడత చాకు పళ్ళకీ, తాళ్ళకీ, అరిటాకు ఈనెలకీ. కాని నిషేధం పెడదామన్న పెద్దలతో నాకు పేచీ ఉంది. నిషేధిస్తే చాకులు జేబుల్లో ఉండవని కాదు, జేబుల్లోనే ఉండి ఎవరూ చూడకుండా ఉంటాయి. మనవాడి చాకుని తెరిచి లోపల చూసినవాడు ఆ రోజు దాకా ఒక్కడు లేడు, వాడితో సహా. కొని ఎనిమిది నెలలైందట.

పైనెల కమిటీ మీటింగుకి నేను వస్తున్నాను. తీర్మానం చదివే ముందు నాకు పది నిమిషాలివ్వమని కార్యదర్శి గారిని అడిగాను, ఆయన సరేనన్నారు. మూడు చాకులు తెస్తాను: మా మేనమామ ఒపినెల్, నా సొంత లైనర్ లాకు ఒకటి, ఈ డ్రాగన్ బొమ్మది. ఇంట్లో మడత చాకులున్నవాళ్ళు అవీ తీసుకురండి. భూతద్దం, టార్చీ నేను తెస్తాను, గుడ్డలు మీరు తెచ్చుకోండి.

డ్రాగన్ చాకు తిరిగి ఇమ్మని మొన్న ఆదివారం మనవాడు ఇంటికి వచ్చాడు. బాగుచేసి ఇవ్వొచ్చు కదా బాబాయ్ అన్నాడు. మడమని మళ్ళీ చెక్కొచ్చు గాని, చెక్కితే అక్కడ లోహం తగ్గుతుంది, రేకు ఇంకా లోపలికి పడుతుంది, దాంతో పాటు అడ్డు పిన్ను లావుది మార్చాలి. ఆ పిన్ను కొలత చూసి తిప్పాలంటే లేతు కావాలి, రిటైరయ్యాక నాకు లేతు ఎక్కడిది? ఇప్పటికి తాళం రేకు విప్పేసి బ్లేడు ఒక్కటే వాడికి ఇచ్చాను, ఉత్తరాలు కోసుకొమ్మని. రేకు నా సొరుగులో ఉంది. మీటింగుకి తెస్తాను.